నెల్లూరు తీరము: రెండవ చూపు

ఒక ఊరిని మొదటిమారు చూచినవాడు అక్కడ ఏమున్నదో చెప్పగలడు. పది సంవత్సరముల తరువాత ఆ ఊరికి మరల పోయినవాడు ఏది క్రొత్తగా వచ్చినదో, ఏది పోయినదో కూడ చెప్పగలడు. అందుచేత ఒక ప్రాంతపు అభివృద్ధిని గూర్చి మాటలాడుటకు రెండవమారు చూచినవానికే అధికారము హెచ్చని లోకము తలచును. ఈ తలంపు చాలవరకు నిజమే. అయినను రెండవ చూపునకు కూడ ఒక లోపము కలదు. అది ఎత్తుగా నున్నవానిని ముందు చూచును. పొగగొట్టము, వంతెన, రేవులోని క్రేను, విద్యుద్దీపముల వరుస, ఇవి దూరమునుండియే కనబడును. ఒక ఇంటిలోని బిందెడు మంచినీరు ఎక్కడినుండి వచ్చినదో, తుఫాను వీచిన రాత్రి ఆ ఇంటివారు ఎక్కడ తలదాచుకొనిరో దారిని పోవువానికి కనబడదు. దానిని అడిగి తెలిసికొనవలెను.

నెల్లూరు సముద్రతీరమును మేము గత నలువది సంవత్సరములలో పలుమారులు చూచితిమి. పోయిన ప్రతిమారును ఏదో యొకటి క్రొత్తగా కనబడినది. ఆ క్రొత్తవానిలో కొన్ని నిలిచినవి, కొన్ని నిలువలేదు. మాకు పూర్వము ఈ తీరమును చూచినవారికి కూడ ఇదే అనుభవము కలిగియుండును. ఈ తీరములో అభివృద్ధికి గుర్తుగా ఏ కాలమున దేనిని చూపిరో, ఆ గుర్తులు తరువాత ఏమైనవో పరిశీలించి, అట్టి గుర్తును గుర్తించు విధమెట్టిదో విచారించుట ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

మొదట ఈ నేల స్వరూపమును మనస్సున నిలుపుకొనుట మంచిది. 2022లో జిల్లాల పునర్విభజన జరుగుటకు ముందు నెల్లూరు జిల్లాకు సుమారు 169 కిలోమీటర్ల తీరముండెను. ఉత్తరమున కావలి ప్రాంతమునుండి దక్షిణమున పులికాటు సరస్సు, శ్రీహరికోట వరకు అది వ్యాపించినది. ఆ పునర్విభజనలో సూళ్ళూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరినవి. చరిత్రలో అవి ఈ తీరమునకు చెందినవే కనుక మేము వానిని ఇచ్చట వేరుచేయుట లేదు. సముద్రపు ఒడ్డునుండి పడమరగా నడచినచో మొదట ఇసుకతిప్పలు, సవుకుతోపులు, తాటిచెట్లు, వాని నడుమ పట్టపువారి పాలెములు కనబడును. తరువాత బకింగ్‌హాం కాలువ. ఆవల ఉప్పుమళ్ళు, చవిటి నేలలు, రొయ్యల గుంటలు. ఆపైన పెన్న నీటితో పండు వరికయ్యలు. ఇంకను పడమరకు పోయినచో రైలుమార్గము, జాతీయ రహదారి. ఈ పట్టెలన్నియు సముద్రమునకు ఇంచుమించు సమాంతరముగా సాగినవి. వీనిలో ఒక్కొక్కటి ఒక్కొక్క కాలమున అభివృద్ధికి గుర్తుగా ఎన్నబడినదే.

విదేశీ నౌకలు ఈ తీరమునకు క్రొత్తవి కావు. ఇంగ్లీషు వర్తకులు 1626 ప్రాంతమున దుగరాజపట్నములో తమ గిడ్డంగిని నెలకొల్పి, దానికి కోట వంటి రక్షణ కల్పించుకొనిరి. వారి వ్రాతలలో ఆ ఊరికి ఆర్మగాన్ అని పేరు. అప్పటికి చెన్నపట్టణము పుట్టలేదు. ఆర్మగానులో అధికారిగానుండిన ఫ్రాన్సిస్ డే దక్షిణమునకు పోయి 1639లో చెన్నపట్టణపు స్థలమును సంపాదించెను. వర్తకము అచ్చటికి తరలిపోగా దుగరాజపట్నము మరల చిన్న ఊరైనది. ఒక రేవు వచ్చుట ఎట్టి గుర్తో, అది తరలిపోవుటయు అట్టి గుర్తే అని ఈ తీరము నాలుగు వందల ఏండ్ల క్రిందటనే తెలిసికొన్నది.

తరువాతి కాలమున ఈ దారిని నడచిన తెలుగువారిలో ఏనుగుల వీరాస్వామయ్యగారు ముఖ్యులు. వారు 1830 మే 18న చెన్నపట్టణము విడిచి కాశీకి పోయి, తిరుగు ప్రయాణమున గంజాము, విశాఖపట్నము, రాజమహేంద్రవరము ప్రాంతముల మీదుగా తీరమార్గమున దిగి, నెల్లూరు దాటి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. వారి కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చుపడినది. ఆ గ్రంథమును చదివినవారికి వారి కొలమానము తెలియును. మజిలీలో మంచినీరు కలదా, బోయీలకును పరివారమునకును కావలసిన సామానులు దొరకునా, దిగుటకు సత్రమున్నదా, దారి ఇసుకయా రేగడయా అని వారు ప్రతిచోటను విచారించిరి. పల్లకిలో పదునైదు నెలలు తిరిగినవారికి ఊరి గొప్పతనము దాని గోపురముతో ముగియలేదు; ఆ ఊరి బావి, అంగడి, చావడి కూడ వారి లెక్కలోనికి వచ్చినవి. ఈ కొలమానమును మేము ముందు మరల ఉపయోగింతుము.

వీరాస్వామయ్యగారు పోయిన తరువాత అర్ధశతాబ్దములో ఈ తీరము రెండు పెద్ద మార్పులను చూచినది. ఒకటి పెన్నమీది ఆనకట్ట, రెండవది కాలువ. నెల్లూరు వద్ద ఆనకట్ట 1855లో నిర్మింపబడినది. దానికి ఎగువన సంగము వద్ద మరియొక ఆనకట్ట 1886లో ముగిసినది. వర్షము కురిసిన కొలది రోజులకే ఎండిపోవు ఏరు పెన్న. దాని నీటిని చెరువులకును కాలువలకును మళ్ళించుటచేత కోవూరు, నెల్లూరు ప్రాంతముల డెల్టా స్థిరమైన మాగాణియైనది. నెల్లూరు మొలగొలుకుల బియ్యమునకు వచ్చిన పేరు ఈ నీటివలన వచ్చినదే. తరువాత ఎగువన 78 టి.ఎం.సి.ల సోమశిల జలాశయము వచ్చినది. పాత ఆనకట్టలకు బదులుగా సంగము, నెల్లూరు బారేజీలు 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైనవి.

ఆనకట్ట నిలిచిన గుర్తులలో మొదటిది. అది నిలుచుటకు రాతి బలము మాత్రమే కారణము కాదు. దాని క్రింద భూమియున్న ప్రతి రైతునకును అది పాడైనచో నష్టము కలుగును. గండిపడినపుడు అడుగుటకు వేలమంది కలరు. అందుచేత ప్రతి తరమును దానిని బాగుచేయుచు వచ్చినది, చాలనపుడు క్రొత్తదానిని కోరినది.

కాలువ కథ వేరుగా నడచినది. చెన్నపట్టణమునుండి ఎన్నూరు వరకు ఉప్పునీటి కాలువను బాసిల్ కాక్రేన్ అను వర్తకుడు 1806లో త్రవ్వించెను. దానిని 1837లో ప్రభుత్వము తీసికొని ఉత్తరమునకు పొడిగించుచు వచ్చినది. 1876లో, ధాత సంవత్సరమున, ఆరంభమై రెండేండ్లు సాగిన మహాక్షామమున కూలికొరకు వచ్చిన వేలాది బీదలచేత ఈ కాలువ పనులలో కొంత భాగమును చేయించిరి. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు 1878లో కాలువకు పెట్టబడినది. పెదగంజాము వద్ద కృష్ణా కాలువలతో కలియుటచేత కాకినాడ మొదలు చెన్నపట్టణమునకు దక్షిణమున మరకాణము వరకు పడవ పోవుటకు వీలైనది. ఆటుపోటులతో నిండు ఈ కాలువలో ఏరులు దాటుచోట్ల లాకులు కట్టిరి. తెరచాప ఎత్తియో, గట్టు వెంబడి నడచుచు తాడుతో లాగియో పడవలను నడిపిరి. బియ్యము, ఉప్పు, శ్రీహరికోట అడవుల వంటచెరకు ఈ దారిని చెన్నపట్టణము చేరినవి.

1880 ప్రాంతమున ఈ తీరమునకు మరల వచ్చిన ప్రయాణికుడు బకింగ్‌హాం కాలువను చూచి దీనికి మించిన అభివృద్ధి చిహ్నము లేదని వ్రాసినను ఆశ్చర్యము లేదు. అయితే 1899 నాటికి బెజవాడనుండి నెల్లూరు, గూడూరుల మీదుగా మదరాసునకు రైలుమార్గము పూర్తియైనది. పడవకు పట్టు రోజులు రైలునకు గంటలైనవి. తరువాత లారీలు వచ్చినవి. 1965, 1966, 1976 సంవత్సరముల తుఫానులు గట్లను, లాకులను దెబ్బతీసినవి. వానిని పూర్తిగా బాగుచేయుమని గట్టిగా అడుగువారు అప్పటికి లేరైరి. మేము మొదటిమారు చూచునప్పటికే కాలువలో పడవలు అరుదైనవి. పలుచోట్ల అది పూడి, నాచు పట్టిన మడుగువలె నుండెను. 2008లో దీనిని జాతీయ జలమార్గములో భాగముగా ప్రకటించిరి. ప్రకటన వచ్చినంతమాత్రమున వెనుకటి పడవల రాకపోకలు తిరిగి రాలేదు.

ఇంతటితో కాలువ కథ ముగిసినదని తలచినవారికి 2004 డిసెంబరు 26 మరియొక పాఠమును చెప్పినది. ఆ ఉదయమున సునామీ కెరటములు తీరమును ముంచినపుడు, ఇసుకతిప్పలను దాటి వచ్చిన నీటిలో కొంత ఈ కాలువలో నిండి ఆగినది. కాలువ ఆ వేగమును కొంతవరకు తనలో ఇముడ్చుకొని పడమటి ఊళ్ళకు మేలు చేసినదని పరిశీలించిన శాస్త్రజ్ఞులు వ్రాసిరి. సరుకుల రవాణా కొరకు త్రవ్విన కాలువ, ఆ పని పోయిన తరువాత, త్రవ్వినవారు ఊహింపని పనికి వచ్చినది. పాతబడినదంతయు పనికిరానిదని రెండవ చూపున తీర్మానించుట తగదని ఇందువలన తెలియుచున్నది.

కాలువ ప్రక్కనున్న చవిటి నేలల కథను ఇప్పుడు చూతము. 1990 ప్రాంతమున ఈ తీరమును చూచి, 1994లో మరల వచ్చినవానికి దారులు గుర్తుపట్టుట కష్టమైనది. ఉప్పుమళ్ళు, బీళ్ళు, కొన్నిచోట్ల పండు కయ్యలు కూడ రొయ్యల గుంటలుగా మారినవి. రాత్రులందు గట్లమీద దీపములు వరుసగా వెలిగెను. నీటిని చిలుకు యంత్రచక్రముల చప్పుడు మైళ్ళకొలది వినబడెను. గడ్డి కప్పిన ఇండ్ల స్థానమున డాబాలు లేచినవి. టైగరు రొయ్యకు విదేశములలో వచ్చిన ధరయే దీనికి కారణము. ఎకరా భూమి వెల విని పాతవారు నివ్వెరపోయిరి. ఆనాడు నెల్లూరు తీరమున అభివృద్ధి ఏదని అడిగినచో ఎవరైనను ఆ గుంటలనే చూపియుందురు.

1994, 1995 సంవత్సరములలో తెల్లమచ్చ రోగము వచ్చినది. కొలది రోజులలో గుంటలు గుంటలుగా రొయ్యలు చచ్చినవి. అప్పుచేసి పెట్టుబడి పెట్టినవారు ఆ అప్పుతో మిగిలిరి. మరియొక ప్రక్క గుంటల ఉప్పునీరు ఊటగా దిగి త్రాగునీటి బావులు చెడినవని, చేపలవేటకు పోవు దారులు మూతపడినవని తీరగ్రామములవారు మొరపెట్టిరి. తమిళనాడునుండి వచ్చిన వ్యాజ్యముమీద 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరనియంత్రణ మండలములోని రొయ్యల పరిశ్రమను తొలగింపుమని తీర్పు చెప్పినది. తరువాత 2005లో పార్లమెంటు తీరప్రాంత జలజీవుల పెంపకమునకు ప్రత్యేక చట్టమును చేసి, అనుమతులిచ్చుటకొక సంస్థను ఏర్పరచినది. 2009లో వనామీ రొయ్యను పెంచుటకు అనుమతి వచ్చిన పిమ్మట గుంటలు మరల నిండినవి. ఈ పరిశ్రమవలన వేలమందికి పని దొరకినది, విదేశీ ద్రవ్యము వచ్చినది. దీనిని కాదనలేము. కాని డాబాను చూచినవాడు ప్రక్కనున్న బావినీటిని కూడ రుచిచూడవలెను. వీరాస్వామయ్యగారైనచో ముందు బావినే అడిగియుందురు.

ఇక కృష్ణపట్నము. మధ్యయుగమునుండియు ఓడలు వచ్చిన రేవు ఇది. శ్రీకృష్ణదేవరాయల పేరిట దీనికి ఈ పేరు వచ్చినదని జనులు చెప్పుకొందురు. చాలకాలము చిన్న రేవుగానుండిన ఈ చోట పెద్ద ఓడలు నిలుచు క్రొత్త రేవు 2008 జులైలో ప్రారంభమైనది. రేవునకు చేరువలోనే ముత్తుకూరు మండలము నేలటూరు వద్ద దామోదరం సంజీవయ్యగారి పేర ప్రభుత్వ థర్మల్ విద్యుత్కేంద్రము వెలసినది. ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు మూడింటిలో చివరిది 2022లో జాతికి అంకితమైనది. చుట్టుప్రక్కల ప్రైవేటు కేంద్రములు కూడ లేచినవి. వెంకటాచలమునుండి ఓబులవారిపల్లెకు, వెలిగొండలలో ఆరు కిలోమీటర్లకు పైబడిన సొరంగముతో, 2019లో క్రొత్త రైలుమార్గము తెరచిరి. దీనివలన రాయలసీమకు కృష్ణపట్నము దగ్గరైనది.

2000 సంవత్సరమునకు ముందు ఈ చోటును చూచినవారు నేడు ముత్తుకూరు దారిలో ఆగి చుట్టును చూడక మానరు. తాటిచెట్లకు పైన పొగగొట్టములు, వానిపైన ఎఱ్ఱదీపములు. ఓడలనుండి దిగిన బొగ్గు పట్టెలమీద పరుగెత్తుచు పోవును. అక్కడి వెలుగు రాష్ట్రమంతట ఇండ్లలో వెలుగుచున్నది. ఈ వ్యాసమును చదువువారి ఇంటి దీపములో కూడ దాని పాలు ఉండవచ్చును. దీనికై పొలములు, పాలెములు ఇచ్చినవారు కలరు. వారిలో కొందరికి పని దొరకినది, కొందరికి పరిహారము మాత్రమే దొరకినది. బొగ్గు ధూళిని గూర్చియు, బూడిదను గూర్చియు ఆ ఊళ్ళవారు చెప్పు మాటలను మనము దీపము వెలిగినప్పుడైనను వినవలెను గదా!

కట్టినవానిని లెక్కించుట సులభము. కట్టుదుమని చెప్పి కట్టనివానిని కూడ లెక్కించినప్పుడే చరిత్ర సరిగా నుండును. కృష్ణపట్నము వద్దనే 4000 మెగావాట్ల మరియొక మహావిద్యుత్కేంద్రమును 2007లో ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించిరి. ఇండోనేషియా ప్రభుత్వము బొగ్గు ధరల నిబంధనలు మార్చుటతో 2011లో ఆ పని ఆగిపోయినది. దూరదేశములోని ఒక ఉత్తరువు నెల్లూరు తీరములో పునాదులను ఆపుటకు చాలినది. అట్లే 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టము దుగరాజపట్నమున పెద్ద రేవును నిర్మింతుమనియు, మొదటి దశను 2018 చివరకు ముగింతుమనియు చెప్పినది. ఆ గడువునకు రేవు రాలేదు. 1639లో ఓడలను పోగొట్టుకొన్న ఊరు వానికొరకు మరల ఎదురుచూచినది.

దుగరాజపట్నమునకు దక్షిణమున శ్రీహరికోట. ఒక వంక బంగాళాఖాతము, మరియొక వంక పులికాటు సరస్సు గల ఈ ద్వీపము యానాదుల నివాసము. అడవిలోని తేనె, దుంపలు, మూలికలు వారికి తెలిసినట్లు వేరెవరికి తెలియవు. 1835లో ద్వీపము ప్రభుత్వపు చేతికి వచ్చిన పిమ్మట అడవిపని వారి జీవనమైనది. ఆ వంటచెరకే కాలువ వెంట చెన్నపట్టణమునకు పోయినది. యానాదుల స్థితిని బాగుచేయుటకు నెల్లూరువారగు వెన్నెలకంటి రాఘవయ్యగారు జీవితమును ధారపోసిరి. వారినిగూర్చి రాఘవయ్యగారు ఇంగ్లీషున వ్రాసిన గ్రంథము 1962లో వెలువడినది.

1969లో ఈ ద్వీపమును రాకెట్టు ప్రయోగములకు ఎన్నుకొనిరి. తూర్పున సముద్రమే గాని ఊళ్ళు లేవు. భూమధ్యరేఖకు చేరువ కనుక భూమి తూర్పునకు తిరుగు వేగము రాకెట్టునకు తోడ్పడును. ఈ అక్షాంశమున అది సెకనునకు దాదాపు 450 మీటర్లు. 1971 అక్టోబరు 9న ఒక చిన్న రోహిణి రాకెట్టు ఇచ్చటినుండి మొదటగా లేచినది. 1979 ఆగస్టు 10న యస్.యల్.వి. 3 ఎగిరి సముద్రములో పడినది. మరుసటి ఏడు జులై 18న అదే తరగతి రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. 2002లో కేంద్రమునకు సతీశ్ ధవన్‌గారి పేరు పెట్టిరి. 2008లో, 2023లో చంద్రునికొరకు, 2013లో అంగారకునికొరకు నౌకలు ఇచ్చటినుండియే బయలుదేరినవి. రాకెట్టు లేచునాడు సూళ్ళూరుపేట మిద్దెలన్నియు జనముతో నిండును.

ద్వీపములోని యానాదులు, ఇతర గ్రామస్థులు ఈ కేంద్రము కొరకు తమ చోటు విడువవలసి వచ్చినది. ఇల్లు మారినంత సులభముగా అడవితో అల్లుకొన్న బ్రతుకు మారదు. చంద్రునిదాక పోవు దారి మొదలైనచోట అడవిదారి తెగిపోయిన కుటుంబములు కలవని కూడ చరిత్ర వ్రాయవలెను. అట్లు వ్రాయుట రాకెట్టు గొప్పతనమును తగ్గించుట కాదు. దాని మేలు వారివరకు ఎట్లు చేరునని అడుగుటకు అది ఆధారమగును.

ఆ మేలు తీరమువరకు చేరిన త్రోవ ఒకటి స్పష్టముగా కనబడుచున్నది. అది తుఫాను హెచ్చరిక. ఈ తీరమునకు తుఫానులు క్రొత్త కావు. 1927 నవంబరు గాలివానను నెల్లూరు పెద్దలు చాలకాలము సంవత్సరములు లెక్కించుటకు గురుతుగా చెప్పుకొనిరి. ఆనాడు పాలెములలో హెచ్చరిక అనగా మబ్బురంగు, కెరటపు పొంగు, పెద్దవాని అనుభవము. మదరాసు రేడియో కేంద్రము 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రసారములారంభించినవి. క్రమముగా వాతావరణ ప్రకటన తీరమున ఇంటిమాట అయినది. రేవులో ఎన్నవ నంబరు ప్రమాదసూచిక ఎగురవేసిరో రేడియోలో విన్న తరువాతనే తెప్ప కదలుట అలవాటైనది.

అయినను వినుట వేరు, లేచిపోవుటకు చోటుండుట వేరు. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చి, ప్రభుత్వపు లెక్క ప్రకారమే పదివేలమంది వరకు మృతినొందిరి. ఆ దుఃఖము తరువాత ఆంధ్రతీరమంతట తుఫాను రక్షణ గృహములు కట్టుట, రాడారులు నెలకొల్పుట, ముందుగా ఊళ్ళు ఖాళీచేయించుట పట్టుదలతో సాగినవి. ఇన్సాట్ ఉపగ్రహముల ద్వారా తీరగ్రామములకు నేరుగా హెచ్చరిక వినిపించు పరికరములను 1980 దశకములో ఏర్పాటుచేసిరి. 1989 నవంబరు 9న గంటకు రెండువందల కిలోమీటర్లకు మించిన గాలితో మహా తుఫాను కావలి దగ్గర తీరమును తాకినది. ఇండ్లు, తోపులు నేలకూలినవి. ఆంధ్రతీరమున మృతులు సుమారు డెబ్బదిమంది. ఈ రెండు తుఫానులును ఒకటి కావు. ఉప్పెన ఎత్తు వేరు, నేలవాలు వేరు. కనుక అంకెలను అంకెలతో నేరుగా తూచరాదు. అయినను ముందుగా తెలియుట, ముందుగా లేచిపోవుట అను రెండింటి పాలు అందులో కలదనుట సత్యము.

కొన్నియేండ్ల తరువాత తీరమునకు పోయినపుడు ఒక పాలెములో వయసుమీరిన పట్టపు పెద్దను ఈ ప్రాంతమున అన్నిటికన్న పెద్దమార్పు ఏదని అడిగితిమి. ఆయన పొగగొట్టములవైపు చూడలేదు. ఊరిచివర గచ్చుస్తంభములమీద నిలిచిన రక్షణ గృహమును చూపెను. మామూలు దినములలో అందు పిల్లలు చదువుకొనుచుండిరి. గోడల సున్నము రాలినది. కిటికీ తలుపులు కొన్ని లేవు. దూరమునుండి వచ్చినవానికి అది ఒక పాత కట్టడము. ఆయనకు మాత్రము అది తన మనుమలు ప్రాణములతో నుండుటకు కారణము.

నేడు ఆ హెచ్చరిక ఇంకను దూరమునుండి వచ్చుచున్నది. వాతావరణమును చూచుటకే ఉద్దేశించిన మెట్‌శాట్ ఉపగ్రహము 2002 సెప్టెంబరు 12న శ్రీహరికోటనుండి లేచినది. దానికే తరువాత కల్పన అని పేరు పెట్టిరి. 2016లో ఇన్సాట్ 3డి.ఆర్., 2024లో ఇన్సాట్ 3డి.యస్. అచ్చటినుండియే పోయినవి. సునామీ తరువాత హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రములో 2007లో సునామీ హెచ్చరిక విభాగము వెలసినది. ఈ తీరపు ఇసుకలోనుండి లేచిన ఉపగ్రహము తిరిగి ఈ తీరమునకు వచ్చు మబ్బును చూచి చెప్పుచున్నది. ద్వీపమును ఇచ్చినవారికి ద్వీపము చేసిన ప్రత్యుపకారములలో ఇది ఒకటి.

ఈ చరిత్రనంతటిని కలిపి చూచినచో ఒక సంగతి తేలుచున్నది. కాలువ, రొయ్యల గుంట, రేవు, పొగగొట్టము, ఇవి ఒక్కొక్కటి వచ్చిన నాడు అభివృద్ధికి గుర్తులే. వీనిలో ఏది నిలుచునో అది ఎంత ఎత్తుగానున్నదను దానినిబట్టి తెలియలేదు. అది చెడిపోయినచో ఎందరు లేచి అడుగుదురను దానినిబట్టి తెలిసినది. ఆనకట్టను అడిగినవారుండిరి, అది నిలిచినది. లాకులను అడుగువారు పోయిరి, లాకులు పోయినవి. రక్షణ గృహమునకు సున్నము వేయుమని అడుగువారు నేడు ఉన్నారా? ఇదియే ఇప్పుడు తీరమున మనము అడుగవలసిన ప్రశ్న. తుఫాను రాని ఏండ్లలో ఆ తలుపులను ఎవరును చూడరు. చూడని ఏండ్లలోనే అవి చెడును.

నెల్లూరు తీరమునకు పోవు పాఠకులకు మా మనవి ఒకటి కలదు. మైపాడులోనో, కోడూరులోనో సముద్రమును చూచి తిరిగి వచ్చుటకు ముందు, చేరువ పాలెములో మూడు మాటలు అడుగుడు. త్రాగునీరు ఎక్కడినుండి వచ్చుచున్నది? ఇంటిలోని పడుచువారికి పని ఎక్కడ దొరకినది? కడపటి తుఫానునాడు మీరు ఎక్కడ ఉంటిరి? ఈ మూటికిని వచ్చు జవాబులను వ్రాసి ఉంచుకొనుడు. అయిదేండ్ల తరువాత మరల పోయినపుడు ఆ ప్రశ్నలనే మరల అడుగుడు. వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకి చేసినది ఇంచుమించు ఇదే.

అక్టోబరునుండి డిసెంబరు వరకు ఈ తీరమునకు తుఫానుల కాలము. ఆ నెలలలో వాతావరణ ప్రకటన వచ్చునపుడు మన ఇండ్లలో రేడియోను కొంచెము తగ్గించి మాటలలో పడుట పరిపాటి. తీరమున ఆ సమయమున ఇల్లు ఇల్లంతయు మాట మాని వినును.